పెళ్ళిచూపులకి ముస్తాబైన గెడ్డ నీళ్ళు

కార్తీకం వచ్చిందంటే ఊరి వాగు, ఆ గెడ్డ, కంపు కొడుతుంది. గణపతిరావు నాయుడి గోగుకట్టలు నార కోసం రేవుకి ఎగువన, రాళ్ళ బరువు కింద, పక్షం రోజులు ఊరతాయి. నీళ్ళు కుడితి రంగుకి తిరుగుతాయి. చేపపిల్లలు తెల్లటి పొట్టలతో తేలతాయి. ఆ దిగువనే పల్లపువీధి ఆడవాళ్ళు బిందెలు ముంచుకుంటారు. పోయిన ఏడు ఆ వీధి తవిటమ్మ పెద్దకూతురు వాంతులూ విరేచనాలతో పోయింది. ఈ ఏడు చిన్నది పుణ్యవతికి మూడు రోజులుగా విరేచనాలు కట్టడం లేదు.

అందుకే, గుణుపురం నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి గెడ్డ నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకి కోరాపుట్టు పంపుతాడని తెలిసి తవిటమ్మకి ప్రాణం లేచివచ్చింది. నీళ్ళు చెడ్డవని సర్కారు రాసిస్తే కట్టలు తీయక నాయుడికి తప్పుతుందా?

ఇన్‌స్పెక్టరు సూర్యనారాయణ సైకిలు మీద వచ్చాడు. జమీందారీలు పోయి ఐదారేళ్ళయినా, తాతగారు కచేరీలో వెలగబెట్టిన ఉద్యోగం సంగతి ఊరికి చెప్పడానికి ఆయనకి పావుగంట చాలింది. తాగడానికి ఇంటి నుంచి మరచెంబులో నీళ్ళు తెచ్చుకున్నాడు. బురద అంటుతుందని గట్టు దిగలేదు. నాయుడి అరుగు మీద కాలు మీద కాలేసుకుని, "ఎవరైనా వెళ్ళి నీళ్ళు తెండి" అన్నాడు.

తవిటమ్మ పరుగున పోయి కట్టల దిగువన ముంచి తెచ్చింది. నాయుడి భార్య కృష్ణవేణమ్మ బిందెలోకి తొంగిచూసి గుండెలు బాదుకుంది.

"ఏటే తవిటీ, ఈ కుడితినా కోరాపుట్టు పంపడం? అక్కడోలు సూసి నవ్వరూ? ఊరి పరువేటయిపోవాల?"

"పరీచ్చకి కదమ్మగోరూ. ఎలాగున్న నీలు అలాగే ఎల్లాల."

"నోర్ముయ్యి. పెల్లిసూపులకి పిల్లని మొకం కడక్కండా కూకోబెడతావేటి?"

పెళ్ళికూతురిని చేసినట్టే చేసింది ఆవిడ. కొత్త గుడ్డలో వడగట్టింది. చిల్లగింజ అరగదీసి కలిపి మడ్డిని అడుక్కి దించింది. పైతేట వంచి, తెర్లేదాకా కాచి, చల్లార్చింది. ఎవరో యాలక్కాయ కూడా వేయమన్నారు. అది మాత్రం ఇన్‌స్పెక్టరు వద్దన్నాడు, శాస్త్రం తెలిసినవాడు కనక.

"బాబూ, ఇవి గెడ్డ నీలు కావు. కాసీసినారు. మీరే వొచ్చి రేవుకాడ ముంచండి" అంది తవిటమ్మ.

"గెడ్డలోంచే కదా తెచ్చావు?"

"తెచ్చేను గానీ..."

"మరి గెడ్డ నీళ్ళే." సీసాకి బిరడా బిగించి లక్క అంటించాడు. "మడ్డి కనబడితే, సీసా కడగలేదని మా ఆఫీసరు నన్నంటాడు."

అంత చదువూ సీసా కడగడం దగ్గరే ఆగిపోయిందని తవిటమ్మకి తెలిసిపోయింది. మళ్ళీ ఆయన మొహం చూడలేదు. ఆ రోజు నుంచి కట్టలు దాటి మైలు దూరం ఎగువకి నడిచి, ఇసకలో చెలమ తవ్వి కూతురికి నీళ్ళు మోసింది.

పదో రోజుకి కాగితం వచ్చింది. నార తీసే పల్లపువీధి ఆడవాళ్ళని పోగుచేసి గణపతిరావు దాన్ని ఎలుగెత్తి చదివాడు: నీళ్ళు తేటగా ఉన్నాయి, ఏ దోషమూ లేదు, తాగడానికి శ్రేష్ఠం.

"ఇన్నారా? ఇంక నా గోగు మీద ఏడవకండి. కట్టలు తయారయినాయి. రేపు దిగి నార తియ్యండి."

"దిగం బాబూ" అంది తవిటమ్మ.

"ఏటీ?"

"సర్కారోలు అంత మంచివన్న నీలల్లో మా మట్టికాల్లు ఎట్టొచ్చా? పాపం సుట్టుకోదూ?"

ఆడవాళ్ళు కొంగులు నోట కుక్కుకున్నారు.

"ఏలాకోలమాడతన్నావా? నార కుల్లిపోద్దే!"

"అంత సొచ్చమైన నీలల్లో కుల్లడమేటి బాబూ? అంత బెంగయితే ఊరి దిగువ పాడుగుంటలోకి లాగించీ. అక్కడైతే దిగుతాం. ఇంక ఏటేటా అక్కడే ఎయ్యాల."

నాయుడు రెండు రోజులు బిగిసి కూర్చున్నాడు. ఎవరి గోగు వాళ్ళకి తయారైన రోజులు. పొరుగూరి నుంచి ఒక్క మనిషీ రాలేదు. మూడోనాడు పీచు వేళ్ళకి పిండిలా అంటుకోవడం చూసి, కట్టల్ని పాడుగుంటకి మార్చడానికి పంచె ఎగ్గట్టి కొడుకులతో తనే గెడ్డలో దిగాడు. జన్మలో మొదటిసారి. నడుంలోతు నల్లనీళ్ళలో మొదటి కట్ట భుజానికెత్తుకోగానే తిన్నదంతా కక్కుకున్నాడు.

"అయ్యో, మూతి కడుక్కోండి!" అని గట్టు మీంచి అరిచింది కృష్ణవేణమ్మ.

నాయుడు దోసిలి ముంచి, అందులోకి చూసి, మెల్లిగా వదిలేశాడు.

తేరుకుంటున్న పుణ్యవతిని చంకనేసుకుని తవిటమ్మ కట్టలు లెక్కపెట్టింది. ఇంకా నలభైమూడు నీళ్ళలోనే ఉన్నాయి. ఆఖరిది గట్టెక్కేదాకా ఆమె అక్కణ్ణుంచి కదలలేదు.