రేగుపండ్ల గరిజెలు

తొలి కాన్పుకు తల్లిగారింటికి రానని రజని ఖరాకండిగా చెప్పేసింది. చెప్పింది ఎవరితోనో కాదు, కన్నతండ్రితోనే. ఫోన్లో అవతల యాదయ్య సరే బిడ్డా, పైలం, అని పెట్టేశాడు. ఆయన ఎప్పుడూ అంతే. నలభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగిన మనిషి, మనుషులతో మాట్లాడే పని ఎక్కడ పడింది?

మిర్యాలగూడలో ఈ సంగతి విని ఎక్కువ ఇబ్బంది పడింది రజని అత్త రుక్కమ్మ. కోడలు తన దగ్గరే ఉంటానంటే లోపల సంబరంగానే ఉంది. కానీ తొలి కాన్పు తల్లిగారింట్లో కాకపోతే వాడకట్టు ఊరుకుంటుందా? కోడల్ని పంపలేదట అని ఆమె మీదికే వస్తుంది మాట. మిల్లు నుంచి వచ్చిన కొడుకును పట్టుకుని, నువ్వన్నా చెప్పరా అంది. శ్రీనాథ్ రైసుమిల్లులో వందమంది హమాలీలను ఒంటిచేత్తో నడిపించగలడు గానీ పెళ్లాం ముందు నోరు లేవదు. ఆమె ఇష్టం అని చెప్పి స్నానానికి పోయాడు.

రజని అందరికీ ఒకే కారణం చెప్పింది. ఇక్కడ దవాఖాన దగ్గర, మా చివ్వెంలలో అయితే సూర్యాపేట దాకా పరుగెత్తాలి అని. విన్నవాళ్లు తలూపారు. అసలు కారణం అది కాదు. అమ్మ లేని ఇంటికి వెళ్లి ఏం చేయాలి? ఎవరి పక్కన పడుకోవాలి? నొప్పులొస్తే ఎవరి చెయ్యి పట్టుకోవాలి? ఈ మాట నోరు తెరిచి చెబితే ఏడుపొస్తుందని, ఏడిస్తే ఆపుకోలేనని ఆమెకు తెలుసు. అందుకే దవాఖాన పేరు చెప్పింది.

అమ్మ బక్కమ్మ పోయి రెండున్నరేళ్లు. ఇంట్లో ఆడదిక్కు ఉండాలని ఏడాది తిరగకముందే అన్న రాజ్‌కుమార్‌కు పెళ్లి చేశారు. కోడలు ఉమది కోదాడ. అత్తను ఫొటోలో తప్ప చూడలేదు. ఉమ కాపురానికి వచ్చాక రజని ఒక్కసారే ఆ ఇంటికి వెళ్లింది. వంటింట్లోకి అడుగుపెట్టగానే ఆగిపోయింది. అమ్మ కట్టెలపొయ్యి ఉన్న మూల గ్రానైట్ గట్టు వచ్చింది. గట్టు మీద కరెంటు ఓవెన్. అమ్మ గరిజెలు కాల్చే మట్టికుండ కిటికీ దగ్గర ఉంది, దాని నిండా ఉల్లిగడ్డలు. ఉమ నవ్వుతూ ఎదురొచ్చి మంచినీళ్లిచ్చింది, పాపం. కానీ ఆ ఉల్లిగడ్డలను చూశాక రజనికి ఆ పిల్ల నవ్వు కంటికి ఆనలేదు. ఏదో పని ఉందని సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేసింది.

ఊళ్లో అందరూ గరిజెలు నూనెలో వేయించేవాళ్లు. కొబ్బరి, నువ్వులు, చక్కెర పెట్టి. బక్కమ్మవి వేరు. ఆమె రేగుపండ్లు పెట్టి నిప్పుల మీద కాల్చేది. పెళ్లైన కొత్తలో మంద వెంట మగడితో పాటు అడవులు పట్టి తిరిగినప్పుడు, బాణలి లేక, నూనె లేక కనిపెట్టిన వంట అది. చలికాలం వచ్చిందంటే మంద ఎక్కడుంటే అక్కడ రేగుచెట్టు ఉండేది. యాదయ్య దోటితో కొమ్మ వంచితే ఆకు గొర్రెలకు, పండు మనుషులకు. పండ్లను రోట్లో గింజ పగలకుండా మెల్లగా దంచి, గుజ్జు పిసికి తీసి, బెల్లం, శొంఠి, చిటికెడు ఉప్పు వేసి దగ్గరపడేదాకా ఉడికించేది. నెయ్యి పోసి కలిపిన గోధుమపిండిని చిన్న పూరీలా ఒత్తి, గుజ్జు పెట్టి, సగానికి మడిచి అంచు మూసేది. కుండ అడుగున ఇసుక, దాని మీద మోదుగాకులు, ఆకుల మీద గరిజెలు. పైన మూకుడు, మూకుడు మీద నిప్పులు.

రజని, రాజ్‌కుమార్ ఆ కుండ పక్కనే కూర్చునేవాళ్లు. మోదుగాకు కమిలిన వాసన ముందు వచ్చేది, తర్వాత నెయ్యి వాసన, ఆఖరున బెల్లం. బెల్లం వాసన వచ్చాక ఇంక ఆగడం ఎవరి తరం? చెయ్యి పెడితే వీపు మీద దెబ్బ పడేది. అమ్మ మడిచిన అంచు సన్నగా, మెలిపెట్టిన దారంలా ఉండేది. రజని ముందు అంచు మొత్తం చుట్టూ కొరికి తిని, లోపలి తీపిని చివరికి దాచుకునేది. రాజ్‌కుమార్ తనది గుటుక్కున మింగి చెల్లెలి దాని మీద పడేవాడు. కడుపుతో ఉన్న ఈ ఏడో నెలలో రజనికి మధ్యాహ్నం పడుకుంటే చాలు, ఆ పులుపూ తీపీ నోట్లో ఊరుతుండేవి. అడిగితే తెచ్చిపెట్టేవాళ్లు ఉన్నారు. కానీ చేసిపెట్టే మనిషి లేదు. అందుకే ఆమె అడగలేదు.

ఆదివారం పొద్దున యాదయ్య దిగాడు. చెప్పకుండా వచ్చాడు. సూర్యాపేటలో బస్సు మారి, భుజాన సంచీతో, చేతిలో గుడ్డ చుట్టిన స్టీలు డబ్బాతో. రుక్కమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, అన్నయ్యగారూ అంటూ వరండాలో కుర్చీ వేసింది. రజనికి తండ్రి ఎందుకొచ్చాడో అర్థమైపోయింది. మళ్లీ అడగడానికి వచ్చాడు. ఎదురుగా కూర్చుని అడిగితే కాదనడం కష్టం కదా అని, ఆమె ముందే మొహం ముడుచుకుంది.

యాదయ్య అడగలేదు. వానల సంగతి మాట్లాడాడు, మిగిలిన కొద్ది గొర్రెల సంగతి మాట్లాడాడు. తర్వాత డబ్బా ఆమె వైపు జరిపాడు.

"మీ వదిన జేసింది. తిని సూడు."

రజని డబ్బా లోపలికి పట్టుకుపోయి మూత తీసింది. గరిజెలు. వేయించినవి కావు, కాల్చినవి. పైన బంగారు రంగు. మూత తీయగానే వచ్చిన వాసన ఏమిటో ఆమెకు తెలుసు.  ఆ వెంటనే కోపం వచ్చింది. అమ్మ పొయ్యి పీకేసి, అమ్మ కుండలో ఉల్లిగడ్డలు పోసి, ఇప్పుడు అమ్మ గరిజెలు కూడా ఈ పిల్ల ఓవెన్లో చేస్తుందా? ఎవరు నేర్పారు ఈమెకు? ఇది అమ్మది. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

కోపం కోపమే, ఆకలి ఆకలే. ఒకటి తీసి కొరికింది. మోదుగాకు వాసన లేదు. నెయ్యి కొంచెం ఎక్కువైంది. కానీ లోపలి గుజ్జు మాత్రం దాదాపు అదే. పులుపు, తీపి, గొంతులో శొంఠి ఘాటు. కళ్లు మూసుకుంది. దాదాపు అంటే దాదాపే, అమ్మది కాదు అని తనకు తానే గట్టిగా చెప్పుకుంది. అప్పుడు పాత అలవాటు గుర్తొచ్చి, అంచు చుట్టూ కొరకబోయి ఆగింది.

ఆ అంచు మెలిపెట్టిన దారంలా లేదు. మందంగా ఉంది. పిండిని రెండుసార్లు లోపలికి మడిచి, దాని మీద ఏటవాలుగా ఒక్కొక్క మడత, వెనకటి మడతను కరిచిపట్టినట్టు నొక్కి ఉంది. రజని డబ్బాలోవన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. అన్నీ అట్లాగే. ఇంత మోటు అంచు ఏ ఆడమనిషీ మడవదు. కానీ ఇది ఎక్కడో చూసింది. చూడటం కూడా కాదు. ఆమె బొటనవేలు దానంతట అదే ఆ మడతల మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయింది. అప్పుడు గుర్తుకొచ్చింది.

గొంగడి అంచు. నాయిన గొంగడికి దబ్బనంతో తనే వేసుకునే కుట్టు. చిన్నప్పుడు వానొస్తే, చలేస్తే, జ్వరమొస్తే ఆ నల్లని గొంగట్లో ఆయన పక్కన దూరి, అంచును బొటనవేలితో తడుముతూ నిద్రపోయేది. అంచు దొరక్కపోతే ఏడిచేది. అమ్మ పక్కన పడుకున్నట్టే గుర్తుంది ఇన్నాళ్లూ. గొంగట్లో ఉన్నది నాయిన అన్న సంగతి ఎట్లా మరిచిపోయింది?

ఆమె మంచం మీద కూర్చుని వదినకు ఫోన్ చేసింది. అన్న పెళ్లయ్యాక తనంతట తానుగా ఉమకు ఫోన్ చేయడం అదే మొదలు. ఉమ భయపడిపోయి, ఒంట్లో బాగుందా అని అడిగింది. బాగుంది, ఈ గరిజెలు ఎవరు చేశారు అంది రజని. నేనే అంది ఉమ. అంచు ఎవరు మడిచారు అంది రజని. ఉమ గొంతు తగ్గించింది.

"మామయ్య చెప్పొద్దన్నారు రజనీ. నేను చెప్పానని అనకు."

ఒకసారి చెప్పడం మొదలుపెట్టాక ఉమ ఆగలేదు. ఆమె చేసింది పిండి కలపడం, ఓవెన్ చూసుకోవడం, అంతే. మొదట సూర్యాపేట మార్కెట్లో జామకాయలంత ఉన్న రేగుపండ్లు తెచ్చింది. యాదయ్య ఒకటి కొరికి, వీటిని గొర్రెలు కూడా తినవని చెప్పి, కాలువ గట్లు తిరిగి నాటు పండ్లు ఏరుకొచ్చాడు. గింజలు తీసింది ఆయనే. శొంఠి పడాలని గుర్తుచేసింది ఆయనే. ఉమ ఫోన్లో వీడియో చూసి అంచును ఫోర్కుతో నొక్కితే ప్రతిసారీ విచ్చుకుని గుజ్జంతా ట్రేలోకి కారి మాడిపోయేది. రెండు వాయిలు కుక్కలకు వేశారు. రాజ్‌కుమార్ కొన్ని తిని పళ్లు నొప్పులని సెలవు పెట్టాడు. ఆఖరుకు యాదయ్య గట్టు దగ్గరికి వచ్చి, ఇటు తే అని పిండి చేతిలోంచి తీసుకున్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన వంటింట్లో పీట వేసుకుని కూర్చోవడం అదే మొదటిసారట. రాజ్‌కుమార్ నవ్వితే ఒక్క చూపు చూశాడట.

"నీకు మీ అత్త మడత రాదు, నాకూ రాదు, నాకొచ్చింది నేను ఏస్త అన్నారు. ఒక్కటి కూడా విచ్చుకోలేదు."

రజని వింటూనే ఉంది. ఉల్లిగడ్డల కుండ గురించి ఉమే చెప్పింది. ఆ కుండ మెడ దగ్గర బీటువారిందట, నిప్పు తగిలితే పగులుతుందట, పారేయడానికి మనసొప్పక మామయ్య దానికి ఏదో ఒక పని పెట్టమన్నారట. రజని, గుజ్జు బాగుంది వదినా అంది. ఆమె నోట వదినా అన్న పిలుపు ఉమ అంతకుముందు వినలేదు. ఇద్దరూ ఒకళ్ల ఏడుపు ఒకళ్లకు వినపడకుండా ఫోన్లు పెట్టేశారు.

వరండాలో రుక్కమ్మ యాదయ్యకు చాయ్ ఇచ్చి మెల్లగా రాయబారం నడుపుతోంది. మీరు ఇంకోసారి గట్టిగా అడగండి అన్నయ్యగారూ, తండ్రి అడిగితే కాదంటుందా అంటోంది. యాదయ్య తల అడ్డంగా ఊపాడు. అడగడానికి రాలేదని చెప్పాడు. గడప దగ్గరికి వచ్చిన కూతుర్ని చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు గీడనే ఉండు బిడ్డా. మీ అత్త మంచిగ సూస్తది. వారం వారం గిట్ల ఏదన్న వట్టుకొని నేనే వస్త. మీ అమ్మ ఉంటె నువ్వే వస్తుంటివి. లేదు గదా. గందుకే నేను వచ్చుడు."

ఆయన జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం రజని ఎప్పుడూ వినలేదు. అడగడానికి వస్తాడనుకుంది, బతిమాలతాడనుకుంది, కాదనడానికి మొహం సిద్ధం చేసుకుంది. కూతురు రానంటే ఆయన దాన్ని ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుని, తల్లిగారింటినే డబ్బాలో పెట్టుకుని రెండు బస్సులెక్కి మోసుకొచ్చాడు. ఆయన చేతుల కేసి చూసింది. వేళ్ల కొసలు రేగుపండ్ల కసరుకు నల్లబడి ఉన్నాయి, ముళ్లు గీరుకున్న గీతలు మణికట్టు దాకా ఉన్నాయి. అమ్మ పోయిన రోజు నుంచి తనొక్కతే ఏదో పోగొట్టుకున్నట్టు తిరిగింది. ఈ మనిషి ఏం పోగొట్టుకున్నాడో ఒక్కనాడూ అడగలేదు. సిగ్గేసింది. ప్రేమ ముంచుకొచ్చింది. రెండింట్లో ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియలేదు.

"నువ్వు తేవొద్దు నాయినా. నన్నే తోల్కపో."

యాదయ్యకు వెంటనే అర్థం కాలేదు. రుక్కమ్మ వైపు చూశాడు, మళ్లీ కూతురి వైపు చూశాడు. సంతోషపడాల్సిన మనిషి కంగారుపడ్డాడు. చెప్పాల్సింది ముందే చెప్పేయాలన్నట్టు, తల వంచుకుని అన్నాడు.

"ఇంట్ల అమ్మ లేదు బిడ్డా."

ఇన్ని నెలలుగా రజని గొంతులో అడ్డం పడ్డ మాట అదే. ఆయన నోట విన్నాక అది అంత బరువుగా అనిపించలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా వంగి, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నువ్వున్నవ్ గద."

యాదయ్య నల్లబడ్డ చేతిని ఆమె తల మీద పెట్టాడు, తీయడం మరిచిపోయాడు. రుక్కమ్మ చీరె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, మంచిరోజు చూడాలి కదా అనుకుంటూ పంచాంగం కోసం లోపలికి పోయింది.