ఎత్తుకునే చేతులు

అమలాపురంలో ఓ పిల్లల ఆసుపత్రిలో కృపావతి ఆయాగా చేరి తొమ్మిదేళ్ళయింది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. కడుపు పండలేదు. ప్రార్థనలో ఆ కోరిక చెప్పుకోవడం కూడా ఇప్పుడు మానేసింది. కానీ వార్డులో ఏ బిడ్డ ఏడ్చినా చేతిలో పని వదిలేసి వచ్చి భుజాన వేసుకునేది. మెడకు తగిలిన ఆ చిన్న ఊపిరి వెచ్చదనాన్ని ఇంటికి వెళ్ళేదాకా తలుచుకునేది. తల్లులు మురిసిపోయేవారు. ఇందులో తప్పేముందని మనమూ అనుకుంటాం.

డిసెంబరు చలిలో ఓడలరేవు నుంచి సాయిదుర్గ అనే అమ్మాయి ఎనిమిది నెలల కొడుకు హర్షను ఆయాసంతో తీసుకొచ్చింది. భర్త వేటకు సముద్రం మీదికి వెళ్ళాడు. నాలుగు రోజుల్లో బిడ్డకు ఆయాసం తగ్గింది. కృపావతి గుమ్మంలో కనిపిస్తే చాలు, రెండు చేతులూ చాచేవాడు.

"రేపు ఇంటికెళ్ళిపోవచ్చన్నారండీ డాక్టరుగారు," అంది సాయిదుర్గ.

"ఆయ్, మంచిదమ్మా. మరి వీణ్ణి నాకిచ్చేసి వెళ్ళు." నవ్వుతూనే అంటూ కృపావతి వాణ్ణి ఎత్తుకుంది గాని, చాలాసేపు దించలేదు.

మర్నాడు వాళ్ళు వెళ్ళలేదు. తెల్లవారేసరికి హర్షకు వాంతులు, నీళ్ళ విరేచనాలు. మధ్యాహ్నానికి కళ్ళు లోతుకు పోయాయి. ఏడుస్తుంటే కన్నీరు రావడం లేదు. పక్క మంచం పాపకూ అదే వరస.

"విరేచనాలు రాకుండా రోటా చుక్కలు వేయించేరా అమ్మా?" అని అడిగింది హెడ్ నర్సు లిడియా.

"మొదటిసారి వేయించేమండి. తరవాత ఒళ్ళు వెచ్చగా ఉందని మానేసేం."

లిడియా ఆయాలను పక్కకు పిలిచింది. "మూడో మంచం బిడ్డ విరేచనాలతోనే చేరింది. ఈ ఇద్దరూ ఆయాసంతో వచ్చేరు. వీళ్ళకిది ఇక్కడే అంటింది. ఆ బిడ్డ గుడ్డలు మార్చేక చేతులు కడుక్కోనిదెవరు?"

కృపావతికి మొన్నటి మధ్యాహ్నం కళ్ళముందు కదిలింది. మూడో మంచం గుడ్డలు తీస్తుండగా హర్ష ఏడ్చాడు. కొంగుకు చేతులు తుడుచుకుని పరుగెత్తింది. వాడు ఆమె వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, బోసినోటితో నవ్వాడు.

"నేనేనండీ," అంది.

లిడియా కుళాయి వైపు చూసింది. "కుళాయి దగ్గర సబ్బు అయిపోయిందని నువ్వు చెప్పేవు. వారమైనా నేను పెట్టించలేదు. తప్పు నీ ఒక్కదానిదే కాదు కృపా."

ఎవరూ చెప్పమనకపోయినా కృపావతి వెళ్ళి సాయిదుర్గకూ అదే మాట చెప్పింది. ఆ తల్లి కొడుకును గుండెకు హత్తుకుంది. "మీరా కృపమ్మగారూ? ఇంక వాణ్ణి ముట్టుకోకండి."

మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. చెంచాతో కొంచెం కొంచెంగా ఓఆర్ఎస్ పట్టారు. కృపావతి గుమ్మం అవతల నిలబడి చూసేది. హర్ష ఆమెను చూసినా, చేతులెత్తే ఓపిక లేక కళ్ళు మూసుకునేవాడు. ఆ చూపు కోసమే ఆమె అక్కడ నిలబడేది, అది చూసి ఏడ్చేది.

నాలుగో రోజుకు బిడ్డ కోలుకున్నాడు. ఆరో రోజు సాయంత్రం సాయిదుర్గ సంచి సర్దుకుని, దొడ్డివైపు మైలగుడ్డలు జాడిస్తున్న కృపావతి దగ్గరకు వచ్చింది.

"ఆవేళ కోపంలో అనేసేనండి. ఒక్కసారి ఎత్తుకోండి. వీడు మీకోసమే చూస్తున్నాడు."

హర్ష చేతులు చాచాడు. కృపావతి ప్రాణం లాగేసింది. అయినా వెనక్కి జరిగింది.

"ఉండమ్మా, చేతులు కడుక్కొస్తాను."

సబ్బు నురగ వచ్చేదాకా రుద్దింది. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు కడిగి బయటికి పరుగెత్తింది. అప్పటికే గేటు దగ్గర షేర్ ఆటో నిండిపోయింది; ఎక్కినవాళ్ళు తొందరపెట్టడంతో సాయిదుర్గనూ బిడ్డనూ ఎక్కించుకుని ఓడలరేవు వైపు వెళ్ళిపోయింది. కృపావతి తడి చేతులు అలాగే చాపుకుని, అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

వార్డులోకి వచ్చేసరికి, మనవణ్ణి చూడవచ్చిన ఓ పెద్దావిడ పక్క మంచం పిల్లను కూడా ముద్దుచేస్తూ ఎత్తుకోబోతోంది.

"కొంచెం ఆగండి పిన్నిగారూ," అంది కృపావతి. "అదిగో కుళాయి, అక్కడే సబ్బు. ముందు చేతులు కడుక్కోండి. ప్రేమ ఎంతున్నా రోగాన్ని ఆపలేదండీ. కడిగిన చేతులే ఆపుతాయి."