ముందే బయల్దేరిన పెట్టె

అయితే ఉన్ని టోపీ పెట్టెలో పెట్టానా, పెట్టాలని అనుకుని ఊరుకున్నానా అన్నది ఇప్పుడు తేలే మార్గం లేదు. అనుకోవడానికీ చేయడానికీ మధ్య ఉండే గోడ తన విషయంలో చిన్నప్పటి నుంచీ పల్చన. అనుకున్న పని చేసినంత తృప్తిని ముందే ఇచ్చేస్తుంది, చేసిన పనేమో ఎప్పుడో అనుకున్న దానిలా మసకబారిపోతుంది. మంగళవారం పొద్దున్నుంచీ తిరుమలసామి తన ఇంటి అరుగు మీద కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాడు. పెట్టె తెరిచి చూస్తే సరిపోయేది. కానీ పెట్టె ఇంట్లో లేదు. నిన్ననే, సోమవారం నాడే, అది బెంగుళూరికి బయల్దేరిపోయింది.

బయల్దేరిందంటే, ఊరికి ఉత్తరపు కొసన ఉన్న సెల్లత్తాయి ఇంటి దాకా వెళ్ళింది. శుక్రవారం ఉదయానికి అతను బెంగుళూరులో ఉండాలి. దానికి బుధవారం కోవిల్‌పట్టిలో రైలెక్కాలి. మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి శూల, ఆ దిక్కుకు కొత్తగా గడప దాటకూడదు. అందుకని సోమవారం మంచి ఘడియ చూసి సామాను మాత్రం గడప దాటించి, ప్రయాణపు దిక్కున ఉన్న ఇంట్లో పరస్తానం ఉంచారు. అప్పటి నుంచి మనిషి వెళ్ళిపోయినట్టే. శరీరం తర్వాత తీరిగ్గా వెళ్ళి పెట్టెను కలుసుకోవచ్చు. బెంగుళూరు చేరేదాకా మూత మాత్రం ఎత్తకూడదు. ఎత్తితే వెళ్ళినవాడు తిరిగివచ్చినట్టు, ప్రయాణం చెడినట్టు.

ఈ ఆచారం పెట్టినవాడెవడో మనసు తెలిసినవాడని తిరుమలసామికి అనిపించింది. మనిషిని కదిలించడం కష్టం, పెట్టెను కదిలించడం తేలిక. కానీ పెట్టె వెళ్ళాక మిగిలే ఈ రెండు రోజుల మనిషి గురించి వాడు ఆలోచించినట్టు లేదు. వెళ్ళాడు, ఇక్కడే ఉన్నాడు. మేనత్త పాపమ్మాళ్ పొద్దున జొన్న సంకటి ముందు పెడుతూ, ఊరు పోయినవాడికి పెట్టేది ఎక్కడైనా ఉందా అని గొణిగి, రెండో ముద్ద కూడా వేసింది.

ప్రయాణం చెల్లెలు నాగమ్మాళ్ కూతురికి చెవులు కుట్టించడానికి. బావకు బెంగుళూరులో బట్టల మిల్లులో పని. పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. ఏటి లెక్క బేసి రావాలి కాబట్టి మొదటి ఏట ఒకసారి ముహూర్తం పెట్టారు, వానలు పడలేదు, రాలేనని తిరుమలసామి రాశాడు. మూడో ఏట మళ్ళీ పెట్టారు, పత్తి పగిలింది, కోతకు మనుషులు లేరు, రాలేనని రాశాడు. రెండూ నిజమే. అబద్ధపు సాకు గుర్తుపెట్టుకోవాలి, నిజమైన సాకుకు ఆ శ్రమ కూడా ఉండదు. ఇప్పుడు పిల్లకు ఐదో ఏడు. ఈసారి రాకపోతే పక్కింటి మనిషినైనా పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టిస్తామనీ, ఆ తర్వాత ఈ ఇంట్లో మామ అనే మాట ఎత్తబోమనీ నాగమ్మాళ్ ఎవరి చేతనో రాయించింది. ఉత్తరం చివర, అంత కోపంలోనూ, ఒక హెచ్చరిక: ఇక్కడ పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వాన, ఏది ఎప్పుడొస్తుందో మాకే తెలియదు, అన్నీ తెచ్చుకో.

అది ఆవణి, వినాయక చవితి వచ్చే నెల. దున్నిన నల్లరేగడి వాన కోసం నోరు తెరుచుకుని పడి ఉంది. చేలో పని లేదు, సాకు లేదు. అందుకే కాబోలు తిరుమలసామి మనసంతా ఆ చివరి వాక్యాన్ని పట్టుకుంది. ఈ కరిసల్ నల్లనేల మీది ఆకాశం ఒకే మాట మీద నిలబడే రకం. పది నెలలు ఎండ, బుద్ధి పుడితే దీపావళి వేళకు, అయిప్పసిలో, వాన. రోజుకు మూడు మాటలు మార్చే ఆకాశం కింద మనిషి ఏం తొడుక్కుంటాడు? శనివారం విరుదునగర్ వెళ్ళి స్వెట్టర్ అడిగితే, బట్టల కొట్టు పాల్‌పాండి అతణ్ణి కింది నుంచి పైదాకా చూసి, ఈ ఊళ్ళో స్వెట్టర్ అమ్మితే తనను పోలీసులు పట్టుకుపోతారన్నాడు. చివరికి ఎవరో దొర కోసం తెప్పించి మిగిలిపోయిన ఉన్ని టోపీ ఒకటి, చెవుల మీదికి దిగేది, అటక మీంచి దించాడు. పురుగు తిన్న చోటు వెనక్కి వస్తుందనీ, ఎదుటివాళ్ళకు కనపడదనీ ధైర్యం చెప్పాడు.

ఆ టోపీ పెట్టెలో ఉందా లేదా?

పది గంటలకు తిరుమలసామి సెల్లత్తాయి ఇంటికి నడిచాడు. ఆమె వరసకు అక్క, మనవరాళ్ళున్న మనిషి. చాట ఒళ్ళో పెట్టుకుని ఉలవలు చెరుగుతోంది. కూర్చున్నది అతని పెట్టె మీదే.

"అక్కా, మూత ఒకతూరి ఎత్తి చూసుకుంటాను."

"ఏ పెట్టి? నీ పెట్టి ఈపాటికి ఈరోడు దాటుంటాది, తమ్ముడా."

"నీవు దాని మీదనే కదా కూర్చుండావు."

"ఆ. నేనూ దాంతోనే పోతా ఉండాను."

తిరుమలసామి నవ్వి తిరిగొచ్చాడు. దారిలో ఇంకో అనుమానం పుట్టింది, గొడుగు గురించి. గొడుగు పెట్టెలో పట్టదు కాబట్టి అది ఇంట్లోనే ఉండాలి. ఉంది. అప్పుడు దుప్పటి గురించి. మధ్యాహ్నానికి అతను రెండో మూట కట్టడం మొదలుపెట్టాడు. పెట్టెలో ఉన్నాయో లేవో తెలియనివన్నీ ఇందులోనూ ఉంటే గొడవ లేదు. దుప్పటి, రెండు పంచెలు, శొంఠి, తలకు చుట్టుకోవడానికి పాపమ్మాళ్ పాత చీర ముక్క, విసనకర్ర. మూట పెరిగేకొద్దీ అతనికి హాయిగా ఉంది. ఆ హాయి మీదే చివరికి అనుమానం వచ్చింది. భయపడేవాడు ఇంత ఉత్సాహంగా మూట కడతాడా? కడతాడు, భయం దీని గురించి కాకపోతేనే కడతాడు.

ఏడేళ్ళ కిందట ఒక పెళ్ళిలో ఎవరో అతని చేతికి ఆర్నెల్ల పిల్లను ఇచ్చారు. పిల్ల అతని ముఖం చూసి ఏడ్చింది. పందిరంతా నవ్వింది, అతనూ నవ్వాడు. అప్పటి నుంచి పిల్లలున్న చోట అతని చేతులు వాటంతటవే వీపు వెనక్కి పోతాయి. నలభై ఏళ్ళ ఒంటరి మనిషి ఒళ్ళో, సూది దిగే వేళ, ఎన్నడూ చూడని ఐదేళ్ళ పిల్ల. అందరూ చుట్టూ నిలబడి ఉంటారు. ఆ పిల్ల తన ముఖం చూసి తల్లి దగ్గరికి పారిపోతే? దానికి ఏ టోపీ సరిపోతుంది?

ఇంత తెలిసిన తర్వాత కూడా సాయంత్రం మళ్ళీ సెల్లత్తాయి ఇంటికే వెళ్ళాడు. మధ్యాహ్నం మూట కడుతూ కడుతూ రెండుసార్లు వెళ్ళొచ్చాడు, ఇది నాలుగోసారి. ఈసారి ఆమె లేచి నిలబడింది.

"బెంగుళూరు సలీ కుళిరూ మనుసులను తినవు, తమ్ముడా. ఆ బిడ్డకు ఐదేండ్లు. మామ ఎట్లుంటాడని అడిగితే మీ సెల్లి ఏం చెప్పాల? వాన మాదిరి ఉంటాడనా, పత్తి మాదిరి ఉంటాడనా?"

తిరుమలసామికి కోపం రాలేదు. ఆమె మాట నిజం కావడం కంటే, అది కాస్త నవ్వు తెప్పించేలా ఉండడమే అతనికి ఎక్కువ తగిలింది.

బుధవారం తెల్లవారి బండి కట్టించి, సెల్లత్తాయి గుమ్మం ముందు పెట్టెను ఎక్కించుకుని కోవిల్‌పట్టి చేరాడు. టిక్కెట్టు బెంగుళూరికే తీసుకున్నాడు. కానీ రైలు కదిలాక లోపల ఒక సన్నని గొంతు చాలా మర్యాదగా మాట్లాడసాగింది: విరుదునగర్‌లో దిగవచ్చు. టోపీ సంగతి పాల్‌పాండితోనే తేల్చుకోవచ్చు. సాయంత్రం బండికి వెనక్కి రావచ్చు. ఎంత దూరం వచ్చాడో అంత దూరం వచ్చినట్టే కదా. శూల ఉన్న రోజున బయల్దేరాను, మనసు ఒప్పలేదు అని రాస్తే అదీ అబద్ధం కాదు.

మూడో నిజమైన సాకు తయారయ్యేసరికి విరుదునగర్ వచ్చింది. తిరుమలసామి లేచి మూట చంకన పెట్టుకున్నాడు, పెట్టె పిడి పట్టుకున్నాడు.

అప్పుడే తలుపు దగ్గర ఒకామె, రెండు చేతుల్లో బుట్టలతో, చంకలో మూడేళ్ళ పిల్లతో ఎక్కింది. ఇంకా రెండు బుట్టలు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి. చేతిలో బుట్టలు కింద పెట్టి, ఎదురుగా నిలబడ్డవాణ్ణి చూసి, అరవంలో కొంచెం పట్టుకోమని చెప్పి, పిల్లను అతని మీదికి తోసి దిగిపోయింది. వద్దనడానికి వ్యవధి లేదు. మూట జారి కింద పడింది. వీపు వెనక్కి పోవాల్సిన చేతులు ముందే ఉండిపోయాయి.

పిల్ల ఏడవలేదు. ఇష్టపడనూ లేదు. వాన వస్తుందా రాదా అని ఆకాశాన్ని చూసినట్టు అతని ముఖాన్ని చూసింది. తర్వాత అతని మీసం కొసను వేలితో ఒకసారి తాకి, ఆ సంగతి అక్కడితో ముగిసినట్టు కిటికీ వైపు తిరిగింది. ఆ కాస్త బరువు అతని మోచేతి మీద వెచ్చగా కూర్చుంది. ఏమీ జరగలేదు. ఇన్నేళ్ళూ తాను భయపడింది ఇందుకేనా అని అతను ఆశ్చర్యపోయాడు. నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు, పిల్ల కదులుతుందేమోనని.

తల్లి మిగిలిన బుట్టలతో ఎక్కింది. గార్డు ఈల వేశాడు. దిగేవాళ్ళైతే త్వరగా దిగండి అని ఆమె పిల్ల కోసం చేతులు చాచింది. తలుపు ఇంకా తెరిచే ఉంది.

తిరుమలసామి చెప్పులు విడిచాడు. బల్ల మీద కూర్చుని, రెండు కాళ్ళూ పైకి లాక్కుని మఠం వేసుకుని, పిల్లను ఒళ్ళో సర్దుకున్నాడు.