ఖాళీల సారు ఇల్లు

కైలాసం సారును పిల్లలు ఖాళీల సారు అని పిలిచేవాళ్లు. కోదాడ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఆయన ఇంగ్లిష్ చెప్పేవాడు. తరగతిలో అడుగుపెట్టగానే చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద నాలుగైదు వాక్యాల చిన్న కథ రాసేవాడు. ఆ కథల్లో ఎప్పుడూ ఈ చుట్టుపక్కల మనుషులే. సోమమ్మ హుజూర్‌నగర్‌కు కూరగాయలు తీసుకుపోతుంది, లింగస్వామి మఠంపల్లి నుంచి సిమెంటు లారీ తోలుకొస్తాడు, దారి విషయంలో ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది. మధ్యమధ్యలో ఒక్కో మాట వదిలేసి గీత గీసేవాడు. ఆ గీత మీద ఇన్ రావాలా ఆన్ రావాలా, ఆఫ్ రావాలా ఫర్ రావాలా పిల్లలు తేల్చాలి. తప్పు చెప్పినవాణ్ణి తిట్టేవాడు కాదు. "అట్లయితే లింగస్వామి ఇంట్ల పడుకోలేదురా, ఇంటి మీద పడుకున్నడు" అనేవాడు. తరగతంతా గొల్లున నవ్వేది.

ఈ సంగతులన్నీ ఆయన భార్య స్వరాజ్యలక్ష్మికి బయటివాళ్లు చెప్తే తెలిసినవే. ఇంట్లో ఆయన అంత మాటకారి కాదు. పొద్దంతా బడిలో అరిచి గొంతు ఎండబెట్టుకుని వచ్చేవాడు. మజ్జిగ తాగి, పేపరు చూసి, అన్నం తిని నిద్రపోయేవాడు. చెడ్డమనిషి కాదు. ఆమె ఏమడిగినా కాదనలేదు, గట్టిగా ఒక మాట అన్నదీ లేదు. అసలు మాటలే తక్కువ. ఆయనది మిర్యాలగూడలో రైసుమిల్లు ఉన్న కుటుంబం. మిల్లు అన్నకు వదిలేసి కైలాసం చదువునూ ఉద్యోగాన్నీ పట్టుకుని కోదాడ వచ్చేశాడు. ఉమ్మడి ఇంటి సందడి నుంచి వచ్చిన స్వరాజ్యలక్ష్మికి ఈ రెండు గదుల కిరాయి ఇల్లు మొదట్లో గుబులు పుట్టించింది. పిల్లలు లేరు. ఆ గుబులే అలవాటైంది. ఆయన రిటైరైతే ఇంటిపట్టున ఉంటాడు కదా, అప్పుడు తీరిగ్గా మాట్లాడుకోవచ్చని ఆమె లోలోపల అనుకునేది. చెప్పాల్సినవి చాలానే దాచి పెట్టుకుంది.

రిటైరు కాకముందే దెబ్బ తగిలింది. ఒక ఉదయం బడికి బయలుదేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కైలాసం గోడవారకు కూలబడ్డాడు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది. కొన్నాళ్లకు కాలు స్వాధీనంలోకి వచ్చి కర్ర పట్టుకుని నడవసాగాడు. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమయ్యేది, కళ్లల్లో తెలిసేది. బదులు చెప్పబోతే పెదవులు వణికేవి, నరాలు ఉబ్బేవి, చివరికి "అదే... అదే" అని మాత్రం వచ్చేది. నీళ్లు కావాలన్నా అదే, ఉక్కపోస్తుందన్నా అదే, కోపమొచ్చినా అదే.

మొదట్లో తోటి మాస్టర్లు బత్తాయిలు పట్టుకుని వచ్చేవాళ్లు. వచ్చి ఏం మాట్లాడాలో తెలియక గడియారం చూసుకుని లేచేవాళ్లు. క్రమంగా రావడం తగ్గించారు. బావగారు మిర్యాలగూడ నుంచి వచ్చినప్పుడల్లా చెవుడున్న మనిషితో మాట్లాడినట్టు తమ్ముడి మొహం దగ్గర అరిచి మాట్లాడేవాడు. కైలాసం తల పక్కకు తిప్పుకునేవాడు. ఆయనకు వినిపిస్తుందని చెప్పాలని స్వరాజ్యలక్ష్మికి నోటిదాకా వచ్చేది. పెద్దవాడని ఊరుకునేది.

మాటలు నేర్పే డాక్టరు ఒకామె మిర్యాలగూడలో ఉందని అక్కడికి తీసుకుపోయింది. ఆమె పేరు ఉమ. వయసులో చిన్నదైనా ఓపిక గల మనిషి. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో వారం వారం ఇద్దరూ వెళ్లేవాళ్లు. ఇంట్లో ఏం చెయ్యాలో ఉమ విడమరిచి చెప్పింది.

"మీరు ఒక మాట షురూ చేసి ఆపుండ్రి అమ్మా. ఆఖరి మాట సార్‌కే ఇడిసిపెట్టుండ్రి. తొందరపడి మీరు అందియ్యొద్దు."

స్వరాజ్యలక్ష్మి ఇంటికొచ్చి అలాగే చేసింది. సూర్యుడు తూర్పున, అని ఆగింది. పాలు తెల్లగ, అని ఆగింది. ఒకటో తరగతి పిల్లవాణ్ణి అడిగినట్టుంటే ఆయనకు సిగ్గనిపించిందో ఏమో, గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండోరోజు మళ్లీ మొదలుపెడితే ఎడమచేత్తో కంచం నెట్టేశాడు. ఆమె కింద పడ్డ మెతుకులు ఏరుకుంటూ ఇక ఈ పని వద్దనుకుంది. ఇంట్లో మనిషి గొంతు వినపడాలని పొద్దంతా టీవీ పెట్టి ఉంచేది. కూరలమ్మే సాయమ్మ గుమ్మంలోకి వస్తే అవసరం లేకపోయినా వంకాయలు ఏరుతూ నిలబెట్టేది. సాయమ్మ బుట్ట ఎత్తుకుని పోయాక వీధి మళ్లీ ఖాళీ అయ్యేది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం రజిత వచ్చింది. రజిత హుజూర్‌నగర్ పిల్ల, ఎప్పుడో సారు దగ్గర చదువుకుంది. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో చెప్తూ గవర్నమెంటు టీచరు పరీక్షకు తయారవుతోంది. గ్రామరులో అనుమానాలు అడుగుదామని పుస్తకం పట్టుకుని వచ్చింది. సారు పరిస్థితి చూసి గడపలోనే నిలబడిపోయింది.

"నాకు తెల్వదమ్మా. తెలిస్తే ఎప్పుడో వస్తుంటి" అంది.

కూర్చోబెట్టి స్వరాజ్యలక్ష్మి టీ పెట్టడానికి లోపలికి పోయింది. రజిత కుర్చీ అంచున కూర్చుంది. సారు ఆమెనే చూస్తున్నాడు. ఏం మాట్లాడాలో తోచక ఆమె చేతిలోని పుస్తకం తెరిచి, చదువుకుంటున్నట్టుగా పైకి చదవడం మొదలుపెట్టింది. మేరీ అనే ఒకామె గురించిన చిన్న పాఠమది. మేరీ ఒక చిన్న ఇంట్లో ఉంటుంది, ఇంటి పక్కన కుక్కలుంటాయి.

"షీ ఈజ్ అఫ్రెయిడ్ డ్యాష్ డాగ్స్" అని చదివి గీత దగ్గర ఆగింది.

"ఆఫ్" అన్నాడు కైలాసం.

తడబాటు లేదు, వణుకు లేదు. బోర్డు ముందు నిలబడి చెప్పినట్టే చెప్పాడు. రజిత తల ఎత్తింది. లోపల స్టవ్ మీద టీ పొంగి పోతోంది. స్వరాజ్యలక్ష్మి గంటె చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆ గొంతు విని ఎంత కాలమైందో.

"ఇంకొకటి సదువు బిడ్డా" అంది మెల్లగా. "ఆపకు."

రజిత చదివింది. పాఠం అయిపోయేదాకా చదివింది. ఒకటి రెండు చోట్ల తప్ప కైలాసం అన్ని ఖాళీలూ నింపాడు. పాఠం అయిపోయాక రజిత ఏడుపు ఆపుకుంటూ బాగున్నారా సార్ అని అడిగింది. ఆయన నోరు తెరిచాడు. "అదే... అదే" అన్నాడు.

ఈ వింత చెప్తే ఉమ ఆశ్చర్యపోలేదు. వరదకు రోడ్డు కొట్టుకుపోయినా పక్కన రోజూ నడిచిన కాలిబాట మిగిలినట్టు కొందరికి కొన్ని మాటలు మిగులుతాయని, ఆ బాట మీదే నడిపించమని చెప్పింది.

అప్పటినుంచి రజిత ప్రతి ఆదివారం వచ్చేది. ఆ రోజు ఇంట్లో పండుగలా ఉండేది. కైలాసం పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవాడు. కొన్ని నెలల తర్వాత రజితకు ఉద్యోగం వచ్చింది. దూరంగా పెద్దవూర మండలంలోని ఒక ఊరు. అక్కడే గది తీసుకుంది. ఇక రావడం కుదరలేదు. ఫోన్లో పాఠాలు చదివి పంపింది. కైలాసం ఫోను వంక చూస్తూ అంతా విన్నాడు, ఒక్క మాటా పలకలేదు. ఎదురుగా మనిషి కూర్చుని, ఆగి, తన నోటికోసం చూస్తేనే ఆయనకు మాట వచ్చేది.

ఇక ఇంట్లో ఎదురుగా కూర్చునే మనిషి భార్య ఒక్కతే అయింది. ఏడో తరగతి దాకా తెలుగులో చదివిన స్వరాజ్యలక్ష్మికి ఇంగ్లిష్ అక్షరాలు తెలుసు గానీ వాటిని కూడబలుక్కునే సరికి తెల్లారేది. రజితతో చెప్పి పాఠాలన్నీ తెలుగు అక్షరాల్లో రాయించి తెప్పించుకుంది. సాయంత్రం పొయ్యి పని ముట్టకముందు ఆయన ఎదుట పీట వేసుకుని కూర్చుని చదివేది. పలకడం తప్పయితే ఆయన ఎడమచేతి వేలు ఎత్తేవాడు. ఆమె మళ్లీ పలికేది. వేలు దించేదాకా పలికేది. గీత దగ్గరకొచ్చి ఆగితే ఆయన నింపేవాడు. ఆన్. ఎట్. సిన్స్.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమెతో ఇంతసేపు ఎదురెదురుగా కూర్చున్నది లేదు. అయినా పాఠం మూసేసి లేచేటప్పటికి ఆమెకు గుండెల్లో వెలితిగా ఉండేది. ఆ మాటలు తనవి కావు. మేరీ కుక్కలకు భయపడితే ఆయన పలుకుతాడు, మేరీకి మామిడిపళ్లు ఇష్టమైతే పలుకుతాడు. తనకు కాళ్లు నొప్పులన్నా, వర్షమొస్తుంది బట్టలు తీసుకొస్తానన్నా ఆ చూపే తప్ప బదులు లేదు. ఎక్కడిదో తెలియని ఆ మేరీ మీద ఆమెకు కుళ్లు పుట్టింది. ఒకరోజు పాఠం చివర, తనకు వచ్చిన ఇంగ్లిష్‌తో ఒక వాక్యం తనే కలిపింది.

"యువర్ వైఫ్ నేమ్ ఈజ్ డ్యాష్."

ఆయన వేలు ఎత్తి, వాక్యంలో తప్పుందన్నట్టు ఊపాడు. తర్వాత ఆలోచించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"మేరీ" అన్నాడు.

అన్న వెంటనే అది కాదని ఆయనకే తెలిసింది. తల అడ్డంగా ఊపుతూ, మళ్లీ నోరు తెరుస్తూ, మళ్లీ మేరీ అనేస్తూ, చెయ్యి కుర్చీకి కొట్టుకోసాగాడు. స్వరాజ్యలక్ష్మి ఆ చెయ్యి పట్టుకుంది. పోనీలెండి, అదీ మంచి పేరే అని నవ్వబోయింది. వంటింట్లోకి పోయి నీళ్ల బిందె పక్కన కాసేపు నిలబడి వచ్చింది.

ఆ తర్వాత పేరు అడగలేదు. మేరీ పాఠాలు పక్కన పెట్టేసింది. తనకొచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కలతో సొంతంగా వాక్యాలు అల్లడం మొదలుపెట్టింది. ముందు ఇంటి సంగతులు, వీధి సంగతులు. సాయమ్మ గోంగూర తెచ్చింది. కరెంటు పోయింది. ఒక సాయంత్రం, ఎన్నాళ్లుగానో లోపల ఉన్నది వాక్యమై వచ్చింది.

"ఐ యామ్ అలోన్ డ్యాష్ యు."

మీరు మాట్లాడకపోతే నేను ఒంటరిదాన్ని అని చెప్పాలని ఆమె ఉద్దేశం. విత్‌అవుట్ అంటాడనుకుంది. రోజూ కాగితం మీదుండే కైలాసం చూపు ఆ పూట ఆమె మొహం మీద నిలిచింది.

"విత్" అన్నాడు.

సారు తప్పు చెప్పాడనుకుని ఆమె రజితకు ఫోను చేసింది. మనిషితో కలిసి ఉంటే ఒంటరి ఎట్లవుతారని అడిగింది. అవతల రజిత ఆ వాక్యం ఇంకోసారి చెప్పించుకుంది.

"తప్పు కాదమ్మా" అంది. "ఇంకెవ్వరు లేరు, మనం ఇద్దరమే ఉన్నం అని అర్థం. మీతోని ఉండి గూడ ఒంటరిగనే ఉన్న అని గూడ అర్థమొస్తది. సార్ ఏది అనుకున్నరో సారే చెప్పాలె."

సారు చెప్పలేడు. స్వరాజ్యలక్ష్మి ఫోను పెట్టేసి వచ్చింది. కైలాసం ఎడమచేతి వేలితో కాగితం మీద కొడుతున్నాడు. తర్వాతి వాక్యం కావాలట.

ఆమె దగ్గర తర్వాతి వాక్యాలు చాలా ఉన్నాయి. ఆయన రిటైరయ్యాక చెప్పాలని దాచుకున్నవన్నీ ఉన్నాయి. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కొక్కటే రాసింది. తెలియని మాట వస్తే రజితను అడిగేది. మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చిన కొత్త పెళ్లికూతురు కోదాడలో ఈ రెండు గదులు చూసి ఏమనుకుందో రాసింది. బడి వదిలే వేళకు కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడేదో రాసింది. ఆయన విన్నాడు. ఖాళీ ఎక్కడొస్తుందో తెలియదు కాబట్టి ఒక్క మాటా వదలకుండా విన్నాడు.

ఈమధ్య తెలుగు మాటలూ అక్కడొకటి ఇక్కడొకటి వస్తున్నాయి. మొన్న నీళ్లు అన్నాడు, సాయమ్మను చూసి గోంగూర అన్నాడు. ఉమ సంతోషపడింది. స్వరాజ్యలక్ష్మి పేరు మాత్రం ఇంకా రాలేదు. పేర్లు ఆలస్యంగా వస్తాయని, కొందరికి రాకపోవచ్చునని ఉమ దాచకుండా చెప్పింది.

ఒకరోజు వాన పడుతుండగా ఆమె ఇంకో పాఠం చదివింది. పెళ్లయిన కొత్తలో సూర్యాపేటలో ఒక దవాఖాన, ఒక బల్ల, బల్ల మీద భార్యా భర్తా. నెలలు నిండకుండానే పోయిన బిడ్డ. ఆ రోజు తిరుగు బస్సులో ఆయన ఏమీ మాట్లాడలేదు, ఆమె కూడా మాట్లాడలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. చదువుతుంటే ఆమె గొంతు చాలాచోట్ల తప్పు పలికింది. ఆయన వేలు ఎత్తలేదు.

"వి వెయిటెడ్ డ్యాష్ ద బేబీ" అని ఆమె ఆగింది.



"ఫర్" అన్నాడు కైలాసం.

ఆమె కింది వాక్యం చదవబోయింది. ఆయన కాగితం మీద చెయ్యి పెట్టి మూసేశాడు. కుర్చీలోంచి కర్ర సాయంతో లేచి, ఆమె పీట పక్కన కిందనే కూర్చోవడానికి అవస్థ పడ్డాడు. ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. చీకటి పడేదాకా ఇద్దరూ వాన చూస్తూ అలాగే ఉన్నారు. లైటు వేయాలని ఎవరికీ తోచలేదు.