స్టాండు దండగ

ప్రతి ఆదివారం పదింటికి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫోను పట్టుకుని నిలబడడం ఆమె పని. సోఫాలో అత్తగారూ భర్తా కూర్చుంటారు. మరిది, ఆడపడుచు ఎవరిళ్లలోంచి వాళ్లు తెర మీదికి వస్తారు. దానికి కుటుంబ మీటింగ్ అని పేరు. కుటుంబమంతా అందులో ఉంటుంది, ఆమె తప్ప. తెర సోఫావైపు తిప్పి పట్టుకుంటుంది కాబట్టి మూడేళ్లుగా ఆమె చూసిందల్లా ఫోను వీపే. "చేతులు పీకుతున్నాయండీ, ఒక స్టాండు కొందాం" అని ఒకసారి అంటే, "దండగ. నువ్వున్నావుగా" అన్నాడాయన. ముద్దుగా అన్నాడనుకుని ఆవేళ నవ్వింది కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఈ ఆదివారం మాట అత్తగారి తుంటి మీదికి వచ్చింది. ఆపరేషనైంది, ఆరు నెలలు పగలంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

"బయటి మనిషిని ఎలా నమ్ముతాం?" అంది ఆడపడుచు.

"నాకు ఒక్కరోజు కూడా సెలవు దొరకదు" అన్నాడు మరిది.

"దానికింత ఆలోచనెందుకురా? మీ వదిన ఉందిగా. ల్యాబ్ మానేస్తుంది" అన్నాడు భర్త, ఆమెవైపు చూడకుండానే. ఫోనులో రెండు గొంతులు ఒకేసారి హమ్మయ్య అన్నాయి.

రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆమెకు పందొమ్మిదేళ్లు. సూదంటే హడలిపోయే పిల్లలు ఆమెకైతే చెయ్యి చాపుతారు. వచ్చే నెల నుంచి ఆ ల్యాబ్‌కి ఆమే ఇన్‌ఛార్జి. ఆ సంగతి చెబుదామని మూడు వారాలుగా ఈ మీటింగ్‌లో నోరు తెరుస్తూనే ఉంది. తెరిచినప్పుడల్లా ఆయన, "కాస్త పైకెత్తు, అమ్మ మొహం కనబడట్లేదట" అనేవాడు.

ఆమె ఫోను తనవైపు తిప్పుకుంది.

"వదినా, అమ్మ కనబడట్లేదు!" అంది ఆడపడుచు.

"నేను కనబడుతున్నానుగా. ఉద్యోగం మానను. వచ్చే నెల నుంచి ల్యాబ్ ఇన్‌ఛార్జిని. ముగ్గురు బిడ్డలు, ఆరు నెలలు. తలా రెండు నెలలు పగటిపూట చూసుకోండి."

భర్త దిగ్గున లేచాడు. "ఏం మాటలవి? ముందు ఫోను అమ్మకి చూపించు!"

"ఆగరా" అంది అత్తగారు. "మూడేళ్లుగా నా మొహం చూపించమనేవాళ్లే గానీ, నీకేం కావాలమ్మా అని అడిగినవాళ్లు లేరు. అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని, మీ ముగ్గురూ వంతులేసుకుని చూసుకోమని."

ఆమె ఫోను భర్త చేతిలో పెట్టింది. వెళ్లి, సోఫాలో ఆయన లేచిన చోట, అత్తగారి పక్కన కూర్చుంది.

"కాస్త పైకెత్తండి" అంది. "ఇద్దరం కనబడాలి."