ముద్ర పడని వేళ్ళు

చెప్పు లోపలికి చెయ్యి పెట్టి, మడమ దగ్గర్నుంచి బొటనవేలు ఆనే చోటుదాకా వేళ్ళ కొసలతో మెల్లగా తడుముతున్నాడు. మెత్తటి రబ్బరు మీద ఒకచోట ఆవగింజంత ఎత్తు తగిలింది. జిగురు గడ్డకట్టింది. ఆకురాయి తీసుకుని నాలుగుసార్లు రాశాడు. ఊదాడు. మళ్ళీ తడిమాడు. ఇంకా ఉంది. ఈసారి వేలికి గరుకు కాగితం చుట్టుకుని రుద్దసాగాడు.

"ఏవండీ! ఏం చేస్తున్నారు మీరు?"

చెప్పుల గది గుమ్మంలో భార్య. చంకలో కాగితాల సంచి, ముఖంలో నిప్పులు. చక్కెర డబ్బా దగ్గర దొరికిపోయిన పిల్లాడిలా అతని చెయ్యి గబుక్కున వీపు వెనక్కి పోయింది.

"పదకొండింటికి వేలిముద్రలు. పదిహేను రోజులు వేళ్ళకి పని చెప్పొద్దని ఆ వీసా ఆఫీసు అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను గిన్నె కడగనివ్వలేదు, బట్ట పిండనివ్వలేదు, పూటపూటా నూనె రాశాను. ఎందుకు రాశాను? ఇందుకా?"

"ఇదొక్కటేనే. తాతది."

తాత రెండో వార్డులో ముప్పై ఏళ్ళుగా ఉంటున్న మనిషి. కుష్ఠు ఎప్పుడో నయమైంది కాని పాదాలకు స్పర్శ తిరిగి రాలేదు. పదమూడు రోజులు చేతులు ఒళ్ళో పెట్టుకుని కొత్త పెళ్ళికొడుకులా కూర్చున్నవాడి దగ్గరికి మొన్న అడుగు ఊడిన చెప్పు పట్టుకుని వచ్చాడు. "రెండ్రోజులాగు తాతా" అన్నాడు అతను. "అలాగేలే బాబూ" అని తాత వట్టికాళ్ళతో కంకర దారి పట్టాడు. నొప్పి తెలియదు గనక బాగానే నడిచాడు. ఆ బాగా నడవడమే అతను చూడలేకపోయాడు. "తాతా, ఇలా ఇచ్చిపో" అని కేకేశాడు. ఇక చెయ్యి ఊరుకుంటుందా? ఒక కాలిది బాగుచేస్తే రెండోది పాతగా కనిపించింది.

మిషన్ ఆసుపత్రిలో అందరూ అతన్ని చెప్పుల బ్రదర్ అంటారు. బ్రదర్ అన్నారే గాని ప్రసంగం చెప్పిన పాపాన పోలేదు. ఒక ఆదివారం పాస్టరుగారు బలవంతాన వేదిక ఎక్కిస్తే, "దేవుడు మంచివాడు. చెప్పులు రోజూ తుడుచుకోండి" అని దిగిపోయాడు. పంతొమ్మిదో ఏట మూటలు మోయడానికి వచ్చినవాణ్ణి ఈ పీట మీద కూర్చోబెట్టింది పెద్ద సిస్టర్. ఎండిన పుల్లలా ఉండేది ఆవిడ, మాట మాత్రం సూది. అతను కుట్టిన మొదటి జతలో చెయ్యి పెట్టి చూసి, కిటికీలోంచి బయటికి విసిరేసింది. "మేకు కొట్టావు. వేసుకునేవాడికి అది గుచ్చుకుంటుందని తెలియదు. తెలియాల్సింది నీకు" అంది. ఆ రోజు నుంచి మేకు వాడలేదు. ఆ రోజు నుంచే ప్రతి చెప్పులోనూ వేళ్ళు పెట్టి తడమడం. ముప్పై ఏడేళ్ళు.

పన్నెండేళ్ళ కిందట సిస్టర్ ఇంకో దేశంలోని ఆసుపత్రికి వెళ్ళిపోయింది. పోయినేడు ఉత్తరం వచ్చింది. అక్షరాలు గీత దాటి ఎక్కడెక్కడికో పోయాయి. "నాకు చూపు పోయింది. ఇక్కడ నలభై ముగ్గురున్నారు. రెండేళ్ళుండేలా రా. ఇద్దరికి పని నేర్పించి పో. వానలకి ముందే రా, బురదలో పుళ్ళు కుళ్ళిపోతున్నాయి" అని రాసింది. వస్తానని ఆ పూటే జవాబు రాశాడు. దేశం దాటడమంటే వార్డు దాటడమంత పని అనుకున్నాడు పిచ్చిమాలోకం.

పదకొండు నెలలైంది. మొదటిసారి ఫోటోలో చెవులు కనబడలేదన్నారు. చెవులు కనబడేలా తీయించుకుపోతే, బడి సర్టిఫికెట్లో ఒక పుట్టినరోజు, బాప్తిస్మం రిజిస్టర్లో ఇంకొకటి ఉన్నాయన్నారు. అది సరిచేయించుకునే సరికి అక్కడ ఒక వానాకాలం వచ్చి పోయింది. మూడోసారి వేలిముద్రలు పడక ఆగింది. చెప్పులు కుట్టేవాడు చెప్పులరిగేలా తిరిగాడని ఆసుపత్రిలో జోకు కూడా పుట్టింది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న మాట ఊరికే పుట్టలేదు" అంటుంది భార్య, చర్చి మెట్లు దిగుతూనే.

వీసా ఆఫీసులో టోకెన్ నంబరు అరవై రెండు. గోడకు వరసగా ఇనుప కుర్చీలు, పైన గిర్రున తిరిగే ఫ్యాను, దాని గాలికి ఎగిరిపోకుండా ప్రతి మనిషీ తన ఫైలును గుండెకు అదుముకుని ఉన్నాడు. పదకొండని పిలిచినవాళ్ళు ఒంటిగంటకు గాని అరవై రెండు అనలేదు.

మొదటి కౌంటర్లో కళ్ళజోడు అధికారి ఫైలు తిరగేశాడు.

"మిషనరీ అని రాశారు. ఏం బోధిస్తారు?"

"బోధించనండి. చెప్పులు కుడతాను."

"అయితే మిషనరీ వీసా కుదరదు. పని వీసాకి పెట్టుకోవాలి."

"పెట్టానండి మొదట్లో. జీతమెంత అనడిగారు. జీతం లేదన్నాను. జీతం లేకపోతే అది పని కాదన్నారు."

"మరి వాళ్ళు చెప్పింది కరెక్టేగా?"

"కరెక్టేనండి. పని కాదంటే మిషనరీ అని రాసుకొచ్చాను. ఇప్పుడు మీరు పని అంటున్నారు."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. భార్య సంచిలోంచి మిషన్ సెక్రటరీ ఇచ్చిన కాగితం లాగి కౌంటరు మీద పెట్టింది. దరఖాస్తుదారు గత ముప్పై ఏడు సంవత్సరాలుగా పాదరక్షల పరిచర్య చేయుచున్నారు అని ఉంది అందులో. అధికారి రెండుసార్లు చదివాడు. పెదవి కొస కొంచెం వంగింది.

"పాదరక్షల పరిచర్య" అని తనలో తను అనుకుని, ముద్ర కొట్టాడు. "వేలిముద్రలు లోపల."

లోపల అదే అమ్మాయి. అతన్ని చూడగానే గుర్తుపట్టింది.

"అంకుల్, నూనె రాశారా?"

"రాశానమ్మా."

"పని మానేశారా?"

అతను భార్య ముఖం చూశాడు. "పదమూడు రోజులు" అన్నాడు.

అమ్మాయి నిట్టూర్చి యంత్రం అద్దం తుడిచింది. బొటనవేలు పెట్టాడు. ఎర్రదీపం. తడిగుడ్డతో తుడిచి పెట్టాడు. ఎర్రదీపం. నోటి ఆవిరి పట్టించి పెట్టాడు. గట్టిగా నొక్కాడు, నెమ్మదిగా నొక్కాడు, పక్కకు వాల్చి పెట్టాడు. చూపుడువేలూ అంతే, మధ్యవేలూ అంతే. వెనక వరసలో ఎవరో "ఇది తెల్లారే బేరం కాదు" అన్నారు. అతని చెవులు వేడెక్కాయి. ఎదుటివాడి కాలికి ముల్లు గుచ్చుకోబోతుంటే గుడ్డలోంచి కూడా పసిగట్టే వేళ్ళు, ఈ గాజు ముక్క ముందు మొద్దుల్లా పడి ఉన్నాయి. విసురుగా యంత్రాన్ని గుద్దాలనిపించింది. గుద్దలేదు. ఉంగరపు వేలు పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. చిటికెన వేలు. పచ్చదీపం. రెండో చేతికీ ఆ రెండే పడ్డాయి. చెప్పులో పెట్టినప్పుడు పెద్దగా పని చేయనివి అవే.

"నాలుగు పడ్డాయి అంకుల్. ఆరు పడలేదు. పడనివాటికి కంప్యూటరు రెండే రాయనిస్తుంది. వేలికి కట్టు ఉందని రాస్తే, కట్టు విప్పాక మళ్ళీ రమ్మంటుంది. రెండోది, వేలు లేదు అని."

"వేళ్ళున్నాయి కదమ్మా, కళ్ళెదురుగా!" అంది భార్య.

"నాకు కనబడుతున్నాయి ఆంటీ. దీనికి కనబడటం లేదు. ముద్ర అరిగిపోయింది అని రాయడానికి ఇందులో చోటే లేదు."

"అరిగింది పేకాట ఆడి కాదు తల్లీ. ముప్పై ఏడేళ్ళ చాకిరీ అది. దాన్ని లేదు అని రాస్తారా?" భార్య అతని రెండు చేతులూ లాగి బల్ల మీద పరిచింది.

అమ్మాయి లేచి వెళ్ళి పై అధికారిని అడిగి వచ్చింది. నాలుగు పడితే చాలట. మిగిలినవి లేవని రాయమన్నాడట.

"రాయి తల్లీ" అన్నాడు అతను.

తెర మీద రెండు అరచేతుల బొమ్మ ఉంది. అమ్మాయి ఒక్కొక్కటే నొక్కుతుంటే ఒక్కొక్క వేలూ బూడిదరంగుకు మారింది. కుడి బొటనవేలు పోయింది. చూపుడువేలు పోయింది. ఆరోది పోయేసరికి ఆ చేతులు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. వార్డుల్లో రోజూ చూసేవే. ఇలాంటి చేతులకు బకిల్ పెట్టకూడదు, పట్టుకోలేవు, నొక్కితే అంటుకునే వెడల్పాటి పట్టీ పెట్టాలి అనుకున్నాడు. కింద సంతకం చేయమంటే, లేని వేళ్ళతో కలం పట్టుకుని చేశాడు.

బస్సులో భార్య అతని చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, నూనె సీసా మూత విప్పింది.

"ఇంకెందుకే? అయిపోయిందిగా."

"మీరు నోరు మూసుకోండి" అంది.

పాస్‌పోర్టు రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. వీసా కాగితం తళతళలాడుతూ అంటించి ఉంది. ఆ సాయంత్రం ఆసుపత్రి అంతా తిప్పి చూపించాడు. తాత దాన్ని తలకిందులుగా పట్టుకుని "బాగుంది" అన్నాడు. మరో నాలుగు రోజులకు మిషన్ సెక్రటరీ కబురుపెట్టాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నప్పుడే అతనికి ఏదో అనిపించింది. ఎప్పుడూ కూర్చోమనడు ఆయన.

"పెద్ద సిస్టర్ ఆదివారం నిద్రలోనే పోయిందట. ఇప్పుడే తెలిసింది."

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పన్నెండు నెలలు. జీతం లేని పనికి రెండు నెలలు, చెవుల ఫోటోకి ఒకటి, పుట్టినరోజుకి ఆరు, వేళ్ళకి రెండు, వీసా అంటించడానికి ఒకటి. ఏ ఒక్కటి తగ్గినా ఆవిడ చేతిలో ఒక జత పెట్టి ఉండేవాడు. లోపల వేలు పెట్టి చూసేది. ఏమనేదో.

"నీ పిలుపు కాగితం మీద సంతకం ఆవిడది" అన్నాడు సెక్రటరీ. "ఆఫీసుకి తెలిస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. అయినా పిలిచిన మనిషే లేనప్పుడు వెళ్ళి ఏం చేస్తావయ్యా? నీ ఇష్టం. మానేస్తే ఎవరూ తప్పుపట్టరు."

"నలభై ముగ్గురని రాసిందండి" అన్నాడు అతను. "ఆవిడ రాసినప్పుడు నలభై ముగ్గురు. ఇప్పుడెంతమందో" అన్నాడు.

టికెట్టు మంగళవారానికి తీశారు.

మంగళవారం మధ్యాహ్నం విమానాశ్రయం బయటి రెయిలింగు దగ్గర భార్య నిలబడి ఉంది. అద్దాల అవతల అతని వీపు వరసలో కలిసిపోయి గంట దాటింది. ఫోను మోగింది.

"ఎక్కించారా?"

"ఇంకా లేదు. వేళ్ళు లెక్కపెడుతున్నారు."

"ఏంటీ?"

"కంప్యూటర్లో నాలుగే ఉన్నాయట. నాకు పది ఉన్నాయి. మిగతావి ఎక్కడివని అడుగుతున్నారు."

ఆమెకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. "ఏం చెప్పారు?"

"పెరిగాయని చెప్పనా అన్నాను. ఆ ఆఫీసరు నవ్వలేదు. పెద్దాయన్ని పిలుస్తానని పోయాడు. నువ్వు ఎండలో నిలబడకు, ఇంటికి పో."

ఆమె పోలేదు. మరో ముప్పావుగంటకు ఫోను మళ్ళీ మోగింది. "పెద్దాయన వదిలేశాడు. కూర్చున్నాను. కిటికీ పక్కనే" అన్నాడు. అతను ఇంకేదో అంటుండగానే ఫోను ఆగిపోయింది.

సాయంత్రం ఆమె చెప్పుల గది తాళం తీసింది. పైతోలు కుట్టేది ఎప్పుడూ ఆమే. ఇక ముందు అడుగు కోయడం కూడా ఆమెకే పడింది. పీట మీద ఖాకీ కాగితం పరిచి ఉంది. పొద్దున్న సంచి భుజాన వేసుకుని గడప దాటబోతుండగా కొత్త రోగి ఒకావిడ వచ్చింది. అతను సంచి దించి, వంగి, ఆవిడ కాలు కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిల్ తిప్పాడు. పక్కన అతని రాత ఉంది, ఎడమ కాలు, మూడు వేళ్ళు, బొటనవేలి దగ్గర కాస్త వదులు అని. మడమ దగ్గరికొచ్చేసరికి, "టైమైపోతోందండీ!" అని తను అరిచినచోట, ఆ పెన్సిల్ గీత ఉలిక్కిపడి వంకరపోయి ఉంది.