ముక్కు చుక్కల సీసాలో నీలగిరి

నేను ఒక ముక్కు చుక్కల సీసాని. బొటనవేలంత ఉంటాను. ఒళ్ళంతా మెత్తటి ప్లాస్టిక్, సన్నటి మూతి. నొక్కితే ఒక చుక్క, మళ్ళీ నొక్కితే ఇంకో చుక్క. నాలో పోసింది ఉప్పునీళ్ళు. అంతకన్నా సాధువైన సరుకు మందుల షాపులో ఇంకోటి చూపించండి! నేనెవరో నా పొట్టమీద నీలం అక్షరాల్లో అచ్చేసి మరీ పంపారు. అలాంటి నాచేత ఏం చేయించబోయారో చెబుతాను వినండి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

కాకినాడలో త్రినాథ్, హైమ అని ఓ జంట. వాళ్ళకి నెలల పాప. పాపకి ముక్కు దిబ్బడేసి పాలు తాగలేకపోతుంటే డాక్టరుగారు నన్ను రాశారు. హైమ పాపని ఒళ్ళో వేసుకుని, తల కొంచెం వెనక్కి వంచి, అటొక చుక్క ఇటొక చుక్క వేసేది. పాప తుమ్మేది, ఆ తర్వాత గుటగుటా పాలు తాగేది. అప్పుడు నాకెంత గర్వంగా ఉండేదో! నీళ్ళయిపోయాక నన్ను పారేయొచ్చు కదా. ఊహూఁ. మన ఇళ్ళలో ఖాళీ సీసా అంటే అదో ఆస్తి. కడిగి, బోర్లించి, షెల్ఫులో దాచారు.

ఈలోగా త్రినాథ్‌కి అరోమాథెరపీ పిచ్చి పట్టుకుంది. ఫోన్లో వీడియోలు చూశాడు, ఓ ఆదివారం క్లాసుకి కూడా వెళ్ళొచ్చాడు, ఇంట్లో ఉపన్యాసాలు మొదలెట్టాడు. ఆకుల్నీ పువ్వుల్నీ ఆవిరిపట్టి తీసే తైలాలట. లావెండర్ వాసనకి మనసు నెమ్మదిస్తుందట. నిమ్మగడ్డి తైలం కలిపి ఇల్లు తుడిస్తే నీచు వాసన పోతుందట. నీలగిరి తైలం రెండు చుక్కలు వేడినీళ్ళలో వేసి ఆవిరి పీలిస్తే పెద్దవాళ్ళకి ముక్కు తేలికపడుతుందట. ఒంటికి రాయాలంటే కొబ్బరినూనెలో కలపాలి, తాగనే కూడదు, పసిపిల్లల ముఖం దగ్గరికి అసలే తేకూడదు, నీలగిరి ముక్కులో పడితే చంటిబిడ్డకి ఊపిరి బిగుసుకుపోవచ్చు. అన్నీ చెప్పాడండీ మహానుభావుడు! ఒక్క ముక్క తప్పు చెప్పలేదు.

ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ జలుబు చేసింది. నీలగిరి తైలం గాజుసీసాలో వచ్చింది. వంచితే బొళబొళా పడుతోందని, చుక్కలుగా రావాలని ఆలోచించి ఆయనగారు నా మీద కన్నేశారు. మూతి ఊడబెరికి నింపేశాడు! నా పొట్టమీద 'పసిపిల్లల ముక్కు చుక్కలు' అన్న రాత అలాగే ఉంది. పైగా నన్నెక్కడ పెట్టాడనుకున్నారు? పాప పౌడరు డబ్బా పక్కన! ఎవరికీ ఒక్క మాటైనా చెప్పలేదు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషికి పెళ్ళాంతో చెప్పడానికి నోరు రాలేదు.

ఆ తైలం నాలో ఊరుకుందా? నా ప్లాస్టిక్‌ని తినడం మొదలెట్టింది. కొన్నాళ్ళకి ఒళ్ళు ఉబ్బింది, మెడ దగ్గర వదులైంది, జిడ్డు బయటికి ఊరి నీలం అక్షరాలు అలికినట్టయ్యాయి. వాసనైతే గుప్పుమంటోంది. ముక్కు పనిచేసే మనిషైతే గుమ్మంలోనే పసిగట్టేసేవాడు. కానీ ఆ ఇంట్లో ఒక్క ముక్కు పనిచేస్తే ఒట్టు!

మొన్న మధ్యాహ్నం పాపకి మళ్ళీ ముక్కు బిగిసింది. పాలు పట్టబోతే నోరు వదిలేసి ఒకటే ఏడుపు. త్రినాథ్ ఆఫీసులో ఉన్నాడు. "ఉండమ్మా, ఉండు బంగారం, చుక్కలేస్తానుండు" అంటూ హైమ ముక్కు ఎగబీల్చుకుంటూ, నిండుగా ఉన్న నన్ను చూసి మొగుడే మళ్ళీ చుక్కలు తెచ్చిపెట్టాడనుకుని అందుకుంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. వద్దు తల్లీ, నాలో ఉన్నది ఆ నీళ్ళు కాదు అని ఎలా చెప్పను? మూత తీసింది. పాప తల వెనక్కి వంచింది. నొక్కింది.

వదులైన నా మెడ పక్కకి చీలింది. తైలమంతా హైమ వేళ్ళమీదుగా మణికట్టుకి కారింది. పాప మీద ఒక్క చుక్క పడలేదు. "ఛీ, ఇదేంటిలా కారిపోతోంది" అని విసుక్కుంటూ హైమ అదే చేత్తో తన ముక్కు తుడుచుకుంది.

"అమ్మో, మంట!"

పాపని గభాలున మంచమ్మీద పడుకోబెట్టి, నన్ను గిరాటేసి, ముఖం, చేతులు సబ్బుతో తోముకుంది. తర్వాత ఫోను తీసింది.

"ఏవండీ, పాప చుక్కల సీసాలో ఏం పోశారు?"

"నీలగిరి. చుక్కలుగా వస్తుంది కదాని. ఏం, ఆవిరి పట్టావా?"

"పాప ముక్కులో వెయ్యబోయానండీ."

ఫోను ఠక్కున పెట్టేశాడు. కాసేపటికి మనిషే వచ్చాడు, దారిలో కొన్న కొత్త చుక్కల సీసా పట్టుకుని. పాపని ఎత్తుకుని ఒళ్ళంతా తడిమి చూసుకున్నాడు.

"చెబుదామనే అనుకున్నా హైమా. మర్చిపోయాను."

"చెప్పడం మర్చిపోతే పోయారు. అసలు అందులో పొయ్యడానికి మీకు చేతులెలా వచ్చాయండీ? చంటిదాని మందు సీసా అది!" హైమ భోరుమంది. అంత వాగ్ధాటి గల త్రినాథ్ తలొంచుకున్నాడు. నాకు మాత్రం వీసమెత్తు జాలి కలగలేదు.

కలగకపోవడమే మంచిదైంది. ఏడుపులయ్యాక ఆ పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా? నన్ను నేలమీంచి తీసి, "మెడ దగ్గరే కదా పోయింది, టేపు చుడితే సరి. వేడినీళ్ళతో కడిగితే వాసన పోతుందిలే" అంటూ కుళాయి దగ్గరికి నడిచాడు!

హైమ నన్ను ఆయన చేతిలోంచి లాక్కుంది. వంటింట్లోకి వెళ్ళి, కూరలు తరిగే పీటమీద పెట్టి, కత్తితో నడిమికి రెండు ముక్కలు చేసింది. రెండు ముక్కలూ తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇప్పుడు కడుక్కోండి."

నన్ను కోసినందుకు హైమని నేనొక్క మాట అనను. ఇక నాలో ఎవరూ ఏదీ పొయ్యలేరు.